వంటయింటి వాక్యములు – కాంటనీసు ఉచ్చారణము
(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పలుకుబడితో పోలిక)

అన్యభాష నేర్వగోరువారికి మొదట అక్షరమాలను, పిదప పదముల పట్టికను, ఆపైని వ్యాకరణమును బోధించుట మన విద్యాలయములలో వాడుక. తెలుగువారు సంస్కృతమును, ఆంగ్లమును ఈ వరుసనే నేర్చిరి. కాని కంఠధ్వని హెచ్చుతగ్గులను బట్టి పదముల అర్థము మారునట్టి భాషలకు ఈ వరుస చాలదు. అట్టి భాషలో ఒంటిగా వల్లించిన పదమును వాక్యమున వచ్చినప్పుడు గుర్తించుట కష్టము. వాక్యమున పలుమారు విన్న పదమును ఒంటిగా వచ్చినప్పుడు గుర్తించుట సులువు. దక్షిణ చైనాలోని కాంటనీసు ఇట్టి భాష. దాని పదజాలమును, ఉచ్చారణమును వంటయింట నిత్యము వాడు చిన్న వాక్యముల ద్వారా తెలుగువాడు ఎట్లు గ్రహింపవచ్చునో చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పోలికకు ఆధారముగా కృష్ణామండలపు మెట్టభాగమగు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పలుకుబడి గ్రహింపబడినది. ఈ పట్టణములు రెండును 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నవి. ఈ ప్రాంతమును ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. ఆధునిక శిష్టవ్యావహారికమునకు ఆధారమైన మధ్యాంధ్రపు పలుకుబడి ఇచట వినబడుట మొదటిది. రెండవది చరిత్రకు సంబంధించినది; దానిని వ్యాసాంతమున వివరింతును.

వంటయిల్లే ఏల యని ప్రశ్నింపవచ్చును. వంటయింటి వాక్యములు చిన్నవి. వానిలో చెప్పబడు వస్తువు కన్నుల యెదుటనే యుండును. ఒకే వాక్యము ప్రతిదినము మరల మరల వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి: అక్కడ ఉచ్చారణదోషము దాగియుండదు. ఉప్పు వేయుమనిన నూనె వేసినను, ఆవిరిపై ఉడికింపుమనిన చేపను పెనముపై వేపినను, దోషము విస్తరిలో కనబడును. మాటలు తమ వృత్తిలో నున్నప్పుడే వాని స్వరూపము తేటపడునను సూత్రమును తెలుగువారు ఎఱుగనివారు కారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములను వృత్తి క్రమమున సేకరించి చూపినది. ఆ దృష్టినే ఇచట పరభాషాభ్యాసమునకు అన్వయించుచున్నాము.

1. భాషాపరిచయము

కాంటనీసు చైనాదేశపు క్వాంగ్‌టుంగ్ రాష్ట్ర రాజధానియగు క్వాంగ్‌చౌ నగరము కేంద్రముగా వ్యాపించిన భాష. చీనాభాషలలో 'యుయె' అను శాఖకు ఇది ముఖ్యప్రతినిధి. హాంగ్‌కాంగు, మకావులలో ఇదియే నిత్యవ్యవహారభాష. మలేషియాలో కౌలాలంపూరు, ఈపో నగరముల చీనులు దీనిని విరివిగ వాడుదురు. హాంగ్‌కాంగులోను, మలేషియాలోను స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు; కావున ఈ భాష తెలుగువాని చెవికి ఎన్నడును సోకనిది కాదు. దీని పదములను రోమను లిపిలో కూర్చిన తొలి గ్రంథములలో రాబర్ట్ మారిసన్ 1828లో మకావున ముద్రించిన పదకోశము ప్రసిద్ధము. నేడు ఎక్కువగా వాడబడు రోమను పద్ధతిని హాంగ్‌కాంగు భాషాశాస్త్ర సంఘము 1993లో ఏర్పరచినది. 'యూత్‌ప్హింగ్' అని దానికి పేరు.

ఆ పద్ధతి చక్కనిదే యైనను తెలుగువానిని ఒకచోట దారి తప్పించును. అందు అనేక పదములు బి, డి, జి అను రోమను అక్షరములతో మొదలగును. వానిని చూచిన మనవాడు బ, ద, గ అని సరళములుగ పలుకును. కాంటనీసు స్పర్శములలో సరళములు లేవు. అచట భేదమంతయు అల్పప్రాణ పరుషమునకును, మహాప్రాణ పరుషమునకును నడుమనే. ఈ భేదమును చూపుటకు తెలుగు లిపి రోమను లిపికంటె మేలు. కావున ఈ వ్యాసమున తెలుగు లిపినే వాడి, పదాంతమున స్వరసంఖ్యను పైన వేసితిమి. ఫ అను అక్షరము 'కాఫీ' యను మాటలోని ధ్వనిని, ప్హ యనునది ఊపిరితో కూడిన పకారమును తెలుపును. యూ, చ్యూ అనుచోట్ల నాలుకను ఈకారమునకు, పెదవులను ఊకారమునకు అమర్చి ఒకేసారి పలుకవలెను. అట్టి అచ్చు తెలుగున లేదు.

2. తెలుగువానికి ముందే యున్న ధ్వనులు

అభ్యాసకుడు మొదట తనకు తెలిసినదేదో తెలిసికొనవలెను. కాంటనీసులో అచ్చుల నిడివి అర్థభేదకము. కోడిని కై¹ అందురు. వీథిని కాయ్¹ అందురు. బియ్యము మై⁵, కొనుట మాయ్⁵. స్వరము రెంటికిని ఒకటే, హ్రస్వదీర్ఘములే భేదము. ఆంగ్లేయుడు ఇచట చాలకాలము తడబడును. తెలుగువానికి 'కల, కాల. పడు, పాడు' అను భేదములు ఉగ్గుపాలతో వచ్చినవి. కావున 'హై² కాయ్¹ సీ⁵ మాయ్⁵ కై¹' (అంగడిలో కోడిని కొనుట) అను వాక్యమును అతడు ఒకటి రెండు మారులు విన్నచో నిడివి తప్పక పలుకగలడు. అంగడికి వారి మాట కాయ్¹ సీ⁵, అనగా వీథి సంత.

రెండవది దంత్యచకారము. 'చాప' అనునప్పుడు మనము పలుకు ౘకారమును, 'చేప' అనునప్పుడు పలుకు చకారమును వేరు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఈ ద్వైవిధ్యమును చెప్పియున్నాడు. నందిగామ రైతు వ్యాకరణము చదువకయే ఈ భేదమును పాటించును. కాంటనీసు చకారము ప్రధానముగ ఈ దంత్య ౘకారమే. ఇకారము, పెదవులు గుండ్రనగు ఈకారము పరమైనప్పుడు కొందరి నోట తాలవ్యమునకు దగ్గరగా జరుగును. అందుచే ఈ వ్యాసమున అట్టిచోట్ల చ అని వ్రాసితిమి. ఇతర భాషలవారు ప్రయత్నించి నేర్వవలసిన ధ్వని మనకు ఇంటిసొత్తు. ౘెక్³ మొదలగు పదములలోని వివృత ఎకారమునకును మన 'మేక' యను మాటలోని అచ్చు దగ్గరది.

మూడవది మహాప్రాణము. ఇచట జాగ్రత్త వలయును. ఖ, ఛ, థ మన లిపిలో కలవు. కాని నిత్యవ్యవహారమున 'ఖర్చు' కర్చుగను, 'భోజనము' బోజనముగను వినబడుచున్నవి. కాంటనీసులో ఈ సడలింపు పనికిరాదు. ౘావ్² అనిన గోరు లేక పక్షిపాదము. కోడికాళ్ల వంటకమునకు ఆ పదము వాడుకలో కలదు. ఛావ్² అనిన మూకుడులో కలియబెట్టుచు వేపుట. పావ్¹ అనిన ఆవిరిపై ఉడికిన పిండిముద్ద. ప్హావ్¹ అనిన విసరివేయుట. స్వరము సమానమే, ఊపిరి ఒక్కటే భేదము. అరచేతిని నోటియెదుట ఉంచి పలికినచో మహాప్రాణమునకు గాలి తగులవలెను.

ఙకారము మన వర్ణమాలలో కలదు గాని పదాదిని రాదు. 'అంకము' అనునప్పటి బిందువు ధ్వనియే అది. 'అం–' అని ఆరంభించి, అకారమును విడిచి, బిందువునుండియే పలుకుట మొదలిడిన ఙో⁵ (నేను) అను పదము వచ్చును. హాంగ్‌కాంగులో నేడు పలువురు ఆ ఙకారమును విడిచి ఓ⁵ అని మాత్రమే పలుకుచున్నారు. పెద్దలు దానిని సోమరి పలుకుబడి యని ఆక్షేపింతురు. మన వాడుకలో మహాప్రాణములు సడలుట వంటిదే ఈ మార్పును.

3. పదాంత స్పర్శములు

తెలుగు అజంతభాష. హలంతమగు పరభాషాపదము మన నోటికి వచ్చినంతనే ఉకారమును తెచ్చుకొనును: బస్సు, కప్పు, రోడ్డు, రైలు. ఈ యలవాటు కాంటనీసున ప్రధానశత్రువు. కారము అనుటకు వారి మాట లాత్⁶. మనవాడు దానిని 'లాత్తు' అనును. తినుట సిక్⁶, మనవాడు 'సిక్కు' అనును. ఏకాక్షరపదములే ఎక్కువగా గల భాషలో ఈ ఉకారము రెండవ అక్షరమై వాక్యమునంతటిని చెఱచును.

దీనికి విరుగుడు తెలుగులోనే కలదు. కాంటనీసు పదాంతమున క్, త్, ప్ అను మూడు స్పర్శములే నిలుచును. వానిని పట్టుదురే గాని విడువరు. నాలుకయో పెదవులో మూసికొనును, గాలి వెలువడదు. మన ద్విత్వములలోని మొదటి హల్లు సరిగా ఇట్టిదే. 'అక్క' అని పలుకబోయి క్ దగ్గర ఆగిపోవలెను. అది వారి పదాంత కకారము. 'అత్త' యని పలుకబోయి ఆగినది వారి తకారము. 'అప్ప' యని పలుకబోయి ఆగినది వారి పకారము. అక్క, అత్త, అప్ప అను మూడు మాటలు ఈ భాగమునకు చాలును.

సాధనకు ఎంచదగినవి లెక్కపెట్టు మాటలు. కాంటనీసులో సంఖ్యకును నామమునకును నడుమ వస్తువు ఆకృతిని తెలుపు మాట యొకటి రావలెను. యత్¹ లప్¹ మై⁵ అనిన ఒక బియ్యపు గింజ. యత్¹ ౘెక్³ కై¹ అనిన ఒక కోడి. యత్¹ వూన్² ఫాన్⁶ అనిన ఒక గిన్నెడు అన్నము. మొదటి రెండు వాక్యఖండములలోనే త్, ప్, క్ మూడును వచ్చినవి. గోంగూర కట్ట, కరివేప రెబ్బ, అన్నపు మెతుకు, ఉప్పు చిటికెడు అని లెక్కించు మన వంటయింటికి ఈ పద్ధతి వింతకాదు. మనకు కొన్ని వస్తువులకే యున్న నియమము వారికి అన్ని వస్తువులకును కలదు.

4. స్వరములు

కాంటనీసులో ఆరు స్వరములు. మొదటిది ఎత్తున సమముగ సాగును. రెండవది క్రిందినుండి ఎత్తునకు లేచును. మూడవది నడుమ సమముగ నుండును. నాల్గవది క్రిందికి జారును. ఐదవది క్రిందినుండి కొంచెముగ లేచును. ఆరవది క్రిందిభాగమున సమముగ సాగును. క్, త్, ప్ అంతమందు గల పదములలో ఒకటి, మూడు, ఆరు స్వరములే సహజముగ వచ్చును. వీనిని వేరుగ లెక్కించి తొమ్మిది స్వరములనుట పూర్వుల వాడుక.

ఫన్ అను అక్షరము స్వరభేదమున ఎట్లు మారునో చూడుడు. ఫన్¹ నిమిషము, ఫన్² పిండి, ఫన్³ నిద్రించుట, ఫన్⁶ వాటా. థోఙ్ అను అక్షరము ఇంకను అపాయకరము. థోఙ్¹ అనిన చారువంటి పలుచని వంటకము. థోఙ్⁴ అనిన పంచదార. అదియే రెండవ స్వరమున థోఙ్² అయినచో పిల్లలు చప్పరించు మిఠాయి. చారు పోయుమని పంచదారను తెప్పించుకొనుటకు ఒక్క స్వరదోషము చాలును.

స్వరదోషమున అర్థము తలక్రిందులగునను విషయము మనకు క్రొత్తకాదు. ఇంద్రుని చంపు కొడుకును గోరి త్వష్ట యజ్ఞము చేయుచు, 'ఇంద్రశత్రు' శబ్దమున ఉదాత్తమును తప్పు చోట పలుకుటచే ఆ కొడుకే ఇంద్రునిచే హతుడయ్యెనను కథను పతంజలి మహాభాష్యము స్మరించుచున్నది. వేదాధ్యయనమున నిలిచిన ఆ స్వరస్పృహ తెలుగు వ్యవహారమున పదార్థభేదమునకు ఉపయోగపడదు. మనము కంఠధ్వనిని వాక్యభావమునకు వాడుదుము: ప్రశ్నకు, ఆశ్చర్యమునకు, కోపమునకు.

ఇచటనే సూక్ష్మమైన చిక్కు కలదు. జగ్గయ్యపేట ఇల్లాలు పొయ్యి దగ్గరనుండి 'ఉడికిందా?' యని యడుగునప్పుడు చివర స్వరము పైకి లేచును. కాంటనీసున అదే ప్రశ్న సుక్⁶ మేయ్⁶. సుక్⁶ ఉడుకుట, మేయ్⁶ 'ఇంకను లేదా' యను అర్థము నిచ్చును. రెండును క్రింది సమస్వరములే. తెలుగువాడు తన యలవాటున చివర లేపినచో మేయ్⁶ కాస్త మేయ్⁵ అగును. అది తోక యను అర్థముగల వేరు పదము. కాంటనీసులో ప్రశ్నార్థము పదముచేతనే తెలియును గాని గొంతుచేత కాదు. మన 'ఉడికిందా' లోని ఆకారము వలెనే వారికిని వాక్యాంతమున చేరు అవ్యయములు కలవు. భావమును ఆ అవ్యయమునకు విడిచి, పదముల స్వరములను కదల్పకుండ నుంచుట ఈ భాషాభ్యాసమున సగము పని. ఈ సత్యము పదముల పట్టికలో కనబడదు. ప్రశ్నవాక్యమును పలికిననే కనబడును.

5. బియ్యము, మిరప – పదజాలము

పదజాలమును చూతము. ఆంగ్లమున ఒకే మాటతో సరిపుచ్చు ధాన్యమునకు తెలుగున వరి, వడ్లు, బియ్యము, అన్నము అని వేర్వేరు దశలకు వేర్వేరు పేర్లు కలవు. కాంటనీసులోను అట్లే. పైరు వో⁴, వడ్లు కుక్¹, బియ్యము మై⁵, అన్నము ఫాన్⁶, జావ ౘుక్¹. కావున తెలుగువాడు ఆంగ్లము నడుమ పెట్టుకొని నేర్చుకొనరాదు. పెట్టుకొనినచో తన భాషలోనే యున్న నాలుగు అరలను ఒకటిగ కలిపి, మరల విడదీయవలసి వచ్చును. బియ్యము–మై⁵, అన్నము–ఫాన్⁶ అని నేరుగ కలుపుకొనుట మేలు. ఇందు ఒక విశేషము. ఈ ౘుక్¹ అను జావను హాంగ్‌కాంగులో ఆంగ్లమున 'కాంజీ' యందురు. ఆ మాట తమిళపు 'కంజి', తెలుగు 'గంజి' యను ద్రావిడ పదకుటుంబమునుండి పోర్చుగీసువారి ద్వారా ఆంగ్లమున చేరినది. అన్నము వార్చి తీసిన నీటికి మనము వాడు మాటకు చుట్టమైన పదము దక్షిణ చైనా జావకు పేరై నిలిచినది.

మిరప మెట్ట కృష్ణకు ముఖ్యమైన పంట. 1492 పిమ్మట అమెరికా ఖండమునుండి బయలుదేరిన ఈ పంట ఇరుదేశములకును క్రొత్తదే. చైనా గ్రంథములలో దీని ప్రస్తావన 1591లో కనబడుచున్నది. క్రొత్తవస్తువునకు పేరు పెట్టుటలో రెండు భాషలును ఒకే త్రోవ త్రొక్కినవి. తెలుగువారు మిరియము అను పాతమాటనుండి మిరపను కల్పించుకొనిరి. చీనులును మిరియజాతికి చెల్లు చీవ్¹ అను మాటకు ముందు లాత్⁶ (కారము) చేర్చి లాత్⁶ చీవ్¹ అనిరి. మిరియమునకు వూ⁴ చీవ్¹ అని పేరు. 1591 నాటి పేరు ఫాన్¹ చీవ్¹. ఇందలి ఫాన్¹ 'పరదేశపు' అను అర్థమిచ్చును. మన సీమచింత, సీమవంకాయలలోని 'సీమ' వంటిది. తక్కాళి పండునకు వారి మాట ఫాన్¹ ఖే², అనగా సీమవంకాయ. ఫాన్¹ పరదేశపుది, ఫాన్⁶ అన్నము అని స్వరమును మాత్రము మరువరాదు.

వంటక్రియలలో తెలుగునకును కాంటనీసునకును దృష్టిభేదము కలదు. మనము వంటకమును బట్టి క్రియను మార్తుము: అట్టు పోయుదుము, గారెలు వండుదుము, అప్పడము వేపుదుము, పప్పు ఉడికింతుము, అన్నము వార్తుము. కాంటనీసు వేడి తగులు తీరును బట్టి క్రియను మార్చును. చిన్¹ అనిన కొద్ది నూనెతో పెనముపై కాల్చుట. ఛావ్² కలియబెట్టుచు వేపుట. ౘా³ నూనెలో ముంచి వేపుట. చిఙ్¹ ఆవిరిపై ఉడికించుట. పోవ్¹ కుండలో చాలసేపు మరగించుట. వీనిలో చిన్¹, చిఙ్¹ అనువాని భేదము పదాంతానునాసికమున మాత్రమే కలదు. చిన్¹ యూ² అనిన వేపిన చేప. చిఙ్¹ యూ² అనిన ఆవిరిపై ఉడికిన చేప. తెలుగున పదాంతమున ఙకారము రాదు గనుక ఈ జంటను ప్రత్యేకముగ సాధింపవలెను. చేపకు నిఘంటురూపము యూ⁴ అయినను, తిను వస్తువైనప్పుడు యూ² అగుట గమనింపదగినది. పంచదార మిఠాయి యగునప్పుడు జరిగిన స్వరపరివర్తనమును ఇట్టిదే.

6. ఒక పూట వంట

పై విషయములను కూర్చి ఒక పూట వంటకు చాలు వాక్యములను క్రింద ఇచ్చుచున్నాము. వీనిని ఈ వరుసనే పలుకవలెను.

1. ఙో⁵ మాయ్⁵ మై⁵ – నేను బియ్యము కొందును. (మూడును ఐదవ స్వరమే; నిడివిభేదము గమనింపుడు.)

2. సై² మై⁵ – బియ్యము కడుగుము.

3. చ్యూ² ఫాన్⁶ – అన్నము వండుము.

4. సై³ ఫో² – సన్నని మంట. (రెండవ వాక్యమున కడుగుట సై², ఇచట చిన్నది సై³.)

5. కుక్⁶ సప్⁶ ఫన్¹ ౘుఙ్¹ – పది నిమిషములు ఉమ్మగిల్లనిమ్ము. (వడ్లు కుక్¹, ఉమ్మగిల్లనిచ్చుట కుక్⁶.)

6. సుక్⁶ మేయ్⁶ – ఉడికినదా?

7. లోక్⁶ యిమ్⁴ – ఉప్పు వేయుము. లోక్⁶ యౌ⁴ – నూనె వేయుము.

8. మ్⁴ హోవ్² కమ్³ లాత్⁶ – అంత కారము వలదు.

9. సిక్¹ ఫో² – మంట ఆర్పుము.

10. యమ్² థోఙ్¹ – చారు త్రాగుము.

11. సిక్⁶ ఫాన్⁶ – అన్నము తినుము.

ఇందు తొమ్మిదవ, పదునొకండవ వాక్యములను జంటగ సాధింపవలెను. సిక్¹ ఆర్పుట, సిక్⁶ తినుట. ఐదవ వాక్యమునకు సమానమైన తెలుగుమాట 'ఉమ్మగిల్లు' ఎంత సరిపోయినదో చూడుడు. ఎసరు ఇంకిన పిదప మూతపెట్టి, ఆవిరిలోనే మగ్గనిచ్చుట రెండు దేశముల వంటయిండ్లలోను ఒక్క మాటతో చెప్పబడు పని. అట్లే ఎనిమిదవ వాక్యమున మొదటి పదము వట్టి మకారపు పొల్లు. అచ్చు లేకయే అది ఒక అక్షరమై, స్వరమును గూడ ధరించును. పెదవులు మూసి 'ఊఁ' కొట్టువాని ధ్వనిని క్రిందికి జార్చినచో అది సిద్ధించును.

వాక్యరచన తెలుగునకు విలోమము. మనము 'బియ్యము కడుగుము' అందుము. వారు 'కడుగు బియ్యము' అందురు. క్రియకు లింగవచనపురుష భేదములు లేవు. పని ముగిసినదని తెలుపుటకు క్రియ వెనుక ౘో² చేరును. జరుగుచున్నదని తెలుపుటకు కన్² చేరును. చ్యూ² కన్² ఫాన్⁶ – అన్నము వండుట జరుగుచున్నది.

మర్యాదను తెలుపు తీరును నేర్వవలసినదే. తెలుగున 'వెయ్యి, వెయ్యండి' అని క్రియలోనే గౌరవము చేరును. 'వెయ్యవమ్మా' యని పిలుపు చేర్చి ఆజ్ఞను మెత్తబరుతుము. కాంటనీసు క్రియ మారదు. వాక్యాంతమున లా¹ చేర్చినచో ఆజ్ఞ మెత్తబడును: లోక్⁶ యిమ్⁴ లా¹. చిన్న సాయము కోరునప్పుడును, పొందినప్పుడును మ్⁴ కోయ్¹ అందురు. కానుక పొందినప్పుడు తో¹ చే⁶ అందురు. నీళ్లు అందించినవానికి రెండవ మాట చెప్పుట తగదు.

ఇన్నిటికిని తలమానికమైన వాక్యము సిక్⁶ ౘో² ఫాన్⁶ మేయ్⁶ ఆ³ – అన్నము తింటివా? ఇది వారికి కుశలప్రశ్న. మన పల్లెలలో ఎదురుపడినవానిని 'బోజనం అయిందా?' యని పలుకరించుటకు ఇది సరియైన జోడు. ఇందు పదాంత కకారము, దంత్యచకారము, దీర్ఘాకారము, మూడు స్వరములు, ప్రశ్నావ్యయము అన్నియు చేరియున్నవి. దీనిని నిర్దుష్టముగ పలుకగలవాడు భాషలోని ముఖ్యధ్వనులలో అధికభాగమును పట్టినవాడు.

7. మన చరిత్రకు ప్రయోజనము

ఈ శ్రమవలన పరదేశమున ఉప్పు, నూనె అడుగగలుగుట మాత్రమే ఫలమని తలపరాదు. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర ఈ పట్టణమునకు నేటి పేరు పెట్టెను. ఇచటి బౌద్ధస్తూపమును జేమ్స్ బర్జెస్ 1882లో త్రవ్వించెను. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ పాలనవత్సరపు శాసనము ఇచటి ఆయకస్తంభములపై దొరికినది. చక్రవర్తిని శిల్పించిన ప్రసిద్ధఫలకము చెన్నై ప్రభుత్వ మ్యూజియమున కలదు. కృష్ణకు ఆవలి యొడ్డున ధాన్యకటకము. క్రీ. శ. 639 ప్రాంతమున ఈ దేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఆంధ్ర, ధాన్యకటక దేశములను గూర్చి వ్రాసిన విషయములు 646లో ముగిసిన అతని గ్రంథమున కలవు.

ఆ గ్రంథమున మన పేర్లు చీనా అక్షరములలో ధ్వనిననుసరించి వ్రాయబడినవి. వానిని నేటి చైనా రాజభాషలో చదివినచో ధాన్యకటకము 'థ్వొ–నా–చ్యె–చె–చ్యా' వలె వినబడును. మన పేరుతో దానికి పోలిక తోపదు. ఆ యక్షరములనే కాంటనీసున చదివినచో థో⁴–నా⁵–ఖిత్³–ౘాక్⁶–కా¹ యగును. 'కటక' లోని ట–క ల కలయికకై యాత్రికుడు ఎన్నుకొనిన నాల్గవ అక్షరము ఆనాడు టకారముతో మొదలై కకారముతో ముగియునదని పండితులు నిర్ణయించిరి. మొదటి ధ్వని కాంటనీసునను మారినది. కాని చివరి కకారము నిలిచియున్నది. మూడవ అక్షరపు తకారమును అట్లే నిలిచినది. 'ఆంధ్ర' శబ్దము ఓన్³–తాత్⁶–లో⁴ యగును. ఇందును తకారపు పొల్లు చెక్కుచెదరలేదు. కాంటనీసు ఏడవ శతాబ్దిభాష కాదు; అందలి సరళములు పరుషములైనవి, అచ్చులు మారినవి. అయినను క్, త్, ప్ అను పదాంతస్పర్శములను అది విడువక కాపాడినది. ఉత్తర చైనా రాజభాష వానిని కోల్పోయినది.

కావున లాత్⁶ (కారము) అను మాటను 'లాత్తు' అనక పలుక నేర్చినవాడు, తన దేశపు పేరులోని 'తాత్⁶' అను అక్షరమును గూడ వినగలడు. 'అక్క' యని సగము పలికి ఆగుటకు నేర్చినవాడు ధాన్యకటకమునందలి 'ౘాక్⁶' అను అక్షరమును గుర్తింపగలడు. చీనా ఆధారములను ఆంగ్లానువాదములలోనే చదువుచు, అందలి పేర్లను రాజభాషోచ్చారణముతోనే గ్రహించుచున్న మన చరిత్రపరిశోధకునకు ఇది చిన్న లాభము కాదు.

ముగింపుగ ఒక సూచన. ఈ భాషను నేర్వగోరు తెలుగువాడు మొదటి మాసమున పదముల పట్టికను చేపట్టక, పైని ఇచ్చిన పదునొకండు వాక్యములను, కుశలప్రశ్నను మాత్రమే సాధించుట మంచిది. నిడివియు, దంత్యచకారమును అతనికి కలవు. మహాప్రాణమును మరల సంపాదింపవలెను. పదాంతస్పర్శములను అక్క, అత్త, అప్పల సాయమున నేర్వవలెను. స్వరములను మాత్రము వినియే పట్టవలెను. వానికి వేరు దారి లేదు. ఒక భాషలోని ధ్వని ఎవరి పనికిని అడ్డురాని పట్టికలోకంటె, తప్పినచో కూర పాడగు వాక్యములో త్వరగ పట్టువడును.